అసలు తరిగితేనే అప్పు తీరుతుంది



మనకు అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. బస్సు మీద ఊరి పేరు చదువుకుంటున్నాం. సంఘం తీర్మానం కింద వేలిముద్ర మాని సంతకం పెడుతున్నాం. ఇక ఈ పాఠంలో ఆ అంకెలతో ఒక పెద్ద పని చేద్దాం. ఇంటి మీద ఉన్న అప్పును లెక్క కడదాం. దాన్ని ఎలా తీర్చాలో చూద్దాం.

అప్పు లేని ఇల్లు చాలా తక్కువ. విత్తనాలకు అప్పు చేస్తాం. కాన్పుకు చేస్తాం. ఇంటి కప్పుకు చేస్తాం. చావు వచ్చినా, పెళ్లి వచ్చినా చేస్తాం. అప్పు చేయడం దొంగతనం కాదు. సిగ్గుపడి దాచుకోవలసిన పని లేదు. దాచుకుంటే అప్పు పెరుగుతుంది. పుస్తకంలో రాస్తే దాని కొలత తెలుస్తుంది.

వడ్డీ మాట

ఊళ్లో వడ్డీని నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. "రెండు రూపాయల వడ్డీ" అంటే వంద రూపాయలకు నెలకు రెండు రూపాయలు. బ్యాంకులో మాత్రం ఏడాది లెక్క చెబుతారు. అందుకే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

వంద రూపాయలకు ఏడాదికి అయ్యే వడ్డీ:

పావలా వడ్డీ – 3 రూపాయలు
రూపాయి వడ్డీ – 12 రూపాయలు
రెండు రూపాయల వడ్డీ – 24 రూపాయలు
మూడు రూపాయల వడ్డీ – 36 రూపాయలు
ఐదు రూపాయల వడ్డీ – 60 రూపాయలు
పది రూపాయల వడ్డీ – 120 రూపాయలు

చివరి వరస మళ్లీ చదవండి. పది రూపాయల వడ్డీకి వంద తెస్తే, ఏడాది తిరిగేసరికి వడ్డీయే నూట ఇరవై అవుతుంది. తెచ్చిన వంద అలాగే ఉంటుంది. ఆ వందనే అసలు అంటారు. వడ్డీ ఎన్నేళ్లు కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఈ పాఠమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మంగమ్మ ఇల్లు

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటి ఇల్లాలిని మంగమ్మ అందాం. మంగమ్మ కూలికి వెళుతుంది. ఆమె భర్త తాపీ మేస్త్రి దగ్గర పని చేస్తాడు. ఇద్దరు పిల్లలు బడికి వెళతారు. ఇంట్లో ఒక గేదె ఉంది. పాలు కేంద్రానికి పోస్తారు. పదిహేను రోజులకోసారి పాల బిల్లు వస్తుంది.

మంగమ్మ ఆడపడుచు అదే ఊళ్లో ఉంటుంది. సంఘంలో రెండో లీడరు. లెక్కలు రాస్తుంది. ఒకరోజు మంగమ్మ ఆమె దగ్గర కూర్చుంది.

"వదినా, నెలనెలా తప్పకుండా వడ్డీలు కడుతున్నాను. మామయ్య దినాలకు తెచ్చిన ఐదు వేలు అలాగే ఉంది. రెండేళ్లయింది. ఎందుకు తీరదు?"

"ఎంత వడ్డీకి తెచ్చావు?"

"పది రూపాయలకు. నెలకు ఐదు వందలు."

"ఐదు వందలు ఇరవై నాలుగు నెలలు కట్టావు. ఎంతయింది? రాయి."

మంగమ్మ రాసింది. 500 × 24 = 12,000. రాసి చాలాసేపు ఆ అంకె వైపే చూసింది.

"ఐదు వేలకు పన్నెండు వేలు కట్టానా, వదినా! ఇంకా ఐదు వేలు బాకీయేనా?"

"బాకీయే. నువ్వు కట్టిందంతా వడ్డీ. అసలు మీద చెయ్యి పడలేదు. సరే, మిగతావి కూడా చెప్పు. అన్నీ ఒక కాగితం మీద పెడదాం."

ఇద్దరూ కలిసి రాశారు.

1. చేతి అప్పు: అసలు 5,000. పది రూపాయల వడ్డీ. నెలకు 500.
2. ఇంటి రేకులకు రాసిన ప్రామిసరీ నోటు: అసలు 20,000. మూడు రూపాయల వడ్డీ. నెలకు 600.
3. గేదెకు సంఘంలో తీసుకున్న అప్పులో మిగిలింది: 10,000. రూపాయి వడ్డీ. నెలకు 100.

మొత్తం అసలు 35,000. మొత్తం వడ్డీ నెలకు 1,200. ఏడాదికి 14,400.

సంఘం అప్పుకు మంగమ్మ నెలకు వెయ్యి అసలు కూడా కడుతోంది. అందుకే అది తగ్గుతోంది. మిగతా రెండూ తగ్గడం లేదు.

"అసలు కట్టడానికి డబ్బు ఎక్కడుంది వదినా? వచ్చింది వచ్చినట్టే పోతోంది."

"ఎక్కడికి పోతోందో నీకు తెలుసా?"

మంగమ్మ జవాబు చెప్పలేకపోయింది. మనలో చాలామందికి తెలియదు. పెద్ద ఖర్చు గుర్తుంటుంది. చిన్న ఖర్చు గుర్తుండదు.

ఖర్చుల పుస్తకం

మంగమ్మ పిల్లవాడి పాత నోటు పుస్తకం తీసుకుంది. రాయని కాగితాలు కొన్ని మిగిలి ఉన్నాయి. కాగితానికి నడుమ నిలువు గీత గీసింది. ఎడమ పక్క వచ్చింది. కుడి పక్క పోయింది. రోజూ రాత్రి అన్నాలు తిన్నాక ఐదు నిమిషాలు కూర్చుంది.

మొదటి వారం కొన్ని మరిచిపోయింది. "ఏమో, నలభై" అని రాసింది. అది కూడా మంచిదే. రాయకపోవడం కన్నా నయం.

భర్త నవ్వాడు. "పది రూపాయల టీ కూడా రాస్తావా?"

"రాస్తాను. నా షాంపూ పొట్లం కూడా రాస్తాను. ఇద్దరివీ రాస్తేనే లెక్క."

నెల తిరిగింది. మంగమ్మ కూడింది. వదిన మళ్లీ కూడి చూసింది.

వచ్చింది:

ఇద్దరి కూలి – 12,000
పాల బిల్లులు రెండు – 3,000
మొత్తం – 15,000

పోయింది:

బియ్యం, పప్పు, నూనె, మిగతా సరుకులు – 4,200
కూరగాయలు, గుడ్లు, మాంసం – 1,800
గేదెకు తవుడు, దాణా – 1,000
గ్యాసు, కరెంటు – 1,000
పిల్లల చదువు, బడి ఆటో – 1,300
మందులు, ఆస్పత్రి – 600
రెండు ఫోన్ల రీచార్జి – 500
బయట టీ, టిఫిను, బీడీలు – 1,500
తాగుడు – 1,200
చిన్న పొట్లాలు, పిల్లల చిరుతిళ్లు – 900
చదివింపులు – 400
సంఘం పొదుపు – 100
సంఘం అప్పు, వడ్డీతో – 1,100
మిగతా రెండు అప్పుల వడ్డీ – 1,100
మొత్తం – 16,700

వచ్చింది 15,000. పోయింది 16,700. తక్కువ పడింది 1,700.

"ఈ పదిహేడు వందలు ఎక్కడి నుంచి తెచ్చావు?" అంది వదిన.

"కొట్లో అరువు పెట్టాను."

"చూశావా? ఒక పక్క పాత అప్పుకు వడ్డీ కడుతున్నావు. ఇంకో పక్క కొత్త అప్పు పుడుతోంది. పని బాగా దొరికిన నెల గండం గడుస్తుంది. దొరకని నెల ఇలా అవుతుంది. తొట్టికి చిల్లి పెట్టుకుని నీళ్లు పోస్తే నిండుతుందా?"

ఆ రాత్రి మంగమ్మ భర్తను ఒక్క మాట అనలేదు. పుస్తకం చదివి వినిపించింది. అతను బయట టీ, తాగుడు దగ్గర ఆపించాడు. మళ్లీ చదవమన్నాడు. పదిహేను వందలు, పన్నెండు వందలు. రెండూ కలిపితే రెండు వేల ఏడు వందలు.

"రెండు అప్పుల వడ్డీ ఎంత?"

"పదకొండు వందలు."

అతను ఇంకేమీ మాట్లాడలేదు. మర్నాడు పనికి పోయేటప్పుడు ఇంట్లోనే చద్దన్నం తిని, డబ్బాలో కూడా కొంచెం పెట్టించుకున్నాడు.

అన్ని ఇళ్లలో ఇంత తేలిగ్గా జరగదు. కొన్ని ఇళ్లలో పుస్తకం చూపిస్తే తగువు వస్తుంది. అప్పుడు సంఘంలో పది మంది ముందు మాట్లాడాలి. ఒక్క ఆడది చెబితే వినని మాట పది మంది చెబితే వింటారు.

ఏది తగ్గించాలి? ఏది తగ్గించకూడదు?

మంగమ్మ, భర్త, వదిన ముగ్గురూ కూర్చుని ఒక్కొక్క వరస చూశారు.

బయట టీ, టిఫిను, బీడీలు: 1,500 నుంచి 700కు. మిగిలింది 800.
తాగుడు: 1,200 నుంచి 400కు. మిగిలింది 800.
పొట్లాలు, చిరుతిళ్లు: 900 నుంచి 300కు. మిగిలింది 600.
సరుకులు: 4,200 నుంచి 3,800కు. మిగిలింది 400.
కూరగాయలు: 1,800 నుంచి 1,400కు. మిగిలింది 400.
రీచార్జి: 500 నుంచి 300కు. మిగిలింది 200.
మొత్తం మిగిలింది – 3,200.

సరుకుల్లో నాలుగు వందలు ఎలా తగ్గాయి? ఇదివరకు మంగమ్మ రోజూ పావు కిలో, అర కిలో కొనేది. కొద్దికొద్దిగా కొంటే రేటు ఎక్కువ పడుతుంది. అరువు సరుకుకు ఇంకో రూపాయి ఎక్కువ పడుతుంది. అన్నీ ఒకేసారి కొనడానికి డబ్బు చాలదు. అందుకని పాల బిల్లు వచ్చిన రోజున ముందు నూనె, కందిపప్పు నెలకు సరిపడా తెచ్చింది. తర్వాత నెల మరో రెండు సరుకులు కలిపింది.

కూరలు ఎలా తగ్గాయి? పెరట్లో బీర పాదు, సొర పాదు పెట్టింది. గోంగూర, తోటకూర మడి వేసింది. గిన్నెలు కడిగిన నీళ్లు వాటికి పోసింది. గుడ్లు మాత్రం తగ్గించలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. డబ్బు చాలనప్పుడు మనం ఏం చేస్తాం? ముందు మన కంచంలోనే కోత పెట్టుకుంటాం. అందరూ తిన్నాక మిగిలింది తింటాం. అది పొదుపు కాదు. రక్తం తక్కువైతే నీరసం వస్తుంది. కూలికి పోలేం. ఆస్పత్రి ఖర్చు మీద పడుతుంది. మన తిండి, పిల్లల తిండి, చదువు, మందులు – ఈ నాలుగూ తగ్గించవద్దు. రేషను సరుకులు వదలవద్దు.

ఏ అప్పు ముందు తీర్చాలి?

ఇప్పుడు కొత్త లెక్క చూడండి. 16,700లో 3,200 తీసేస్తే 13,500. వచ్చేది 15,000. మిగిలేది 1,500.

ఒక పాల బిల్లు కూడా పదిహేను వందలే. వదిన ఒక ఉపాయం చెప్పింది. "నెలలో మొదటి పాల బిల్లు ఇంటి ఖర్చులో కలపవద్దు. చేతికి వచ్చిన రోజే అసలుకు కట్టెయ్యి. నెలాఖరులో మిగిలితే కడదామంటే ఏనాడూ మిగలదు."

ముందు కొట్టు అరువు తీర్చాలి. మంగమ్మ మూడు నాటుకోళ్లు, మూలన పడి ఉన్న పాత ఇనుము అమ్మింది. 1,700 కట్టి ఖాతా కొట్టేయించింది. కొత్త అరువు పెట్టలేదు.

"మరి ఈ పదిహేను వందలు ఏ అప్పుకు కట్టాలి? నోటు అప్పే కదా పెద్దది?" అంది మంగమ్మ.

"అసలు పెద్దదా చిన్నదా అని చూడవద్దు. వడ్డీ రేటు చూడు. 1,500 అసలు చేతి అప్పులో తగ్గితే నెలకు 150 వడ్డీ తగ్గుతుంది. నోటు అప్పులో తగ్గితే 45 తగ్గుతుంది. సంఘం అప్పులో తగ్గితే 15 తగ్గుతుంది. పెద్ద చిల్లి ముందు పూడ్చాలి. మిగతా వాటికి మామూలుగా కట్టేది కట్టు. ఆపవద్దు."

చేతి అప్పుకు ఇదివరకు నెలకు 500 వడ్డీ పోయేది. దానికి 1,500 కలిపితే 2,000. ఇక నెలకు 2,000 కడదామని నిర్ణయించారు.

మొదటి నెల: వడ్డీ 500. అసలుకు 1,500. మిగిలిన అసలు 3,500.
రెండో నెల: వడ్డీ 350. అసలుకు 1,650. మిగిలిన అసలు 1,850.
మూడో నెల: వడ్డీ 185. అసలుకు 1,815. మిగిలిన అసలు 35.

ఆ 35 రూపాయలు కూడా మంగమ్మ ఆ రోజే ఇచ్చేసింది. రెండేళ్లు తీరని అప్పు మూడు నెలల్లో తీరింది.

గమనించారా? రెండో నెల వడ్డీ తగ్గింది. తగ్గిన ఆ 150ని మంగమ్మ ఖర్చు పెట్టలేదు. దాన్ని కూడా అసలుకే కట్టింది. కిటుకంతా అక్కడే ఉంది. అసలు తరిగితే వడ్డీ తరుగుతుంది. తరిగిన వడ్డీ మళ్లీ అసలును తరుగుతుంది.

తర్వాత నోటు అప్పు. దానికి పోయే వడ్డీ 600. చేతి అప్పు తీరగా చేతికి వచ్చిన 2,000. రెండూ కలిపి నెలకు 2,600. మొదటి నెల 600 వడ్డీ పోగా 2,000 అసలు తగ్గింది. 20,000 కాస్తా 18,000 అయింది. రెండో నెల వడ్డీ 540. అసలు 2,060 తగ్గింది. ఇలా కడితే తొమ్మిది నెలల్లో తీరిపోతుంది. ఈలోగా పది నెలలకు సంఘం అప్పు కూడా తీరుతుంది. కాగితం మీద మొత్తం పన్నెండు నెలలు.

నోటు రాసేటప్పుడు, కట్టేటప్పుడు

నోటు అప్పుకు వడ్డీ కట్టకుండా వదిలేస్తే ఏమవుతుంది? 20,000కు మూడు రూపాయల చొప్పున మూడేళ్లకు 21,600 వడ్డీ. మూడేళ్లు దాటితే నోటు మీద కోర్టుకు పోవడం కష్టమని, ఆ లోపలే నోటు తిరగరాయిస్తారు. వడ్డీని అసలులో కలుపుతారు. ఇరవై వేల అప్పు 41,600 అప్పు అవుతుంది. ఇక వడ్డీకి కూడా వడ్డీ నడుస్తుంది. దీన్నే చక్రవడ్డీ అంటారు.

అందుకే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

ఖాళీ నోటు మీద సంతకం పెట్టవద్దు. అంకెల్లోనూ, అక్షరాల్లోనూ డబ్బు ఎంతో రాశాకే పెట్టండి. రాసింది మీరే చదవండి.

అసలు కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి. తేదీ వేయించండి. ఇచ్చినాయన సంతకం పెట్టించండి. మీ పుస్తకంలో కూడా రాసుకోండి.

అప్పు పూర్తిగా తీరిన రోజున నోటు వెనక్కి తీసుకోండి. "తర్వాత ఇస్తాలే" అంటే ఒప్పుకోవద్దు.

నడుమ వచ్చిన ఆపద

లెక్క ప్రకారమే జీవితం నడవదు. ఎనిమిదో నెలలో మంగమ్మ కూతురికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. మూడు వేలు కావలసి వచ్చింది.

పాత రోజుల్లో అయితే మంగమ్మ మళ్లీ పది రూపాయల వడ్డీకి పరుగెత్తేది. మూడు వేలకు నెలకు 300 వడ్డీ పడేది. ఈసారి సంఘంలో అడిగింది. సంఘం పొదుపు డబ్బులోంచి రూపాయి వడ్డీకి ఇచ్చారు. నెలకు 30 వడ్డీ. రెండు నెలలు నోటు అప్పుకు వడ్డీ మాత్రమే కట్టింది. ఆ రెండు నెలల్లో సంఘం డబ్బు తీర్చేసింది. మళ్లీ నోటు అసలు మొదలుపెట్టింది.

పన్నెండు నెలలు అనుకున్నది పద్నాలుగు నెలలు పట్టింది. అయితేనేం, తీరింది.

రూపాయి వడ్డీ ఎక్కడి నుంచి వచ్చింది?

ఆపదలో మంగమ్మను ఆదుకున్న సంఘం డబ్బు ఎవరో దానం చేసింది కాదు. మనలాంటి ఆడవాళ్లు కూడబెట్టుకున్నది. దాని వెనక పెద్ద కథ ఉంది.

1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షర ఉద్యమం జరిగింది. ఆడవాళ్లు రాత్రిపూట చదువుకోవడానికి కూర్చున్నారు. సారా వల్ల కూలి డబ్బు ఎలా పోతోందో పాఠాల్లో చదివారు. తమ ఇంటి సంగతి మాట్లాడుకున్నారు. దూబగుంట ఊళ్లో ఆడవాళ్లు సారా అంగడిని అడ్డుకున్నారు. 1992 నాటికి అది ఊరూరా పాకింది. సారా వేలం పాటలను ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం సారాను నిషేధించింది.

సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలింది. ఆ డబ్బును ఏం చేయాలి? రోజుకో రూపాయి చొప్పున దాచుకుందాం అన్నారు. అలా పొదుపు సంఘాలు పెరిగాయి. 1992లో నాబార్డు సంస్థ సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. ఆస్తి పత్రాలు లేని ఆడవాళ్లకు బ్యాంకు అప్పు ఇవ్వడం అలా మొదలైంది.

సంఘం నిలబడాలంటే ఐదు పనులు చేయాలి. వీటినే పంచసూత్రాలు అంటారు. క్రమం తప్పక సమావేశం. క్రమం తప్పక పొదుపు. సంఘంలోనే అప్పులు ఇచ్చుకోవడం. గడువుకు తిరిగి కట్టడం. పుస్తకాలు సరిగా రాయడం. మీ సంఘంలో ఐదూ జరుగుతున్నాయా? ఈ వారం సమావేశంలో అడగండి.

తేలిగ్గా దొరికే అప్పు

కొన్ని అప్పులు గుమ్మం ముందుకే వస్తాయి. వాటి లెక్క కూడా నేర్చుకుందాం.

రోజువారీ ఫైనాన్సు: "పది వేల అప్పు" అంటారు. ముందే 1,500 పట్టుకుని చేతికి 8,500 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వడ్డీ పదిహేను వందలేగా అనిపిస్తుంది. కానీ 8,500 వంద రోజులూ మన దగ్గర ఉండదు. మొదటి రోజు నుంచే తిరిగి ఇస్తున్నాం. సగటున సగం డబ్బే, అంటే 4,250 మాత్రమే మన దగ్గర ఉన్నట్టు. వంద రోజులంటే మూడు నెలల పది రోజులు. 1,500ను ఆ లెక్కన పంచితే నెలకు 450. 4,250కి నెలకు 450 అంటే నూటికి పది రూపాయల పైమాటే.

మైక్రో ఫైనాన్సు: ఒక కంపెనీ అప్పు తీర్చడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవద్దు. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఊళ్లలో ఇలాగే జరిగింది. ఒకే ఇంటి మీద మూడు నాలుగు అప్పులు పడ్డాయి. వసూలు చేసేవాళ్ల ఒత్తిడి భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారని వార్తలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది.

2022లో రిజర్వు బ్యాంకు ఈ అప్పులకు నియమాలు పెట్టింది. ఇంటికి నెలకు వచ్చే డబ్బులో సగానికి మించి అప్పుల వాయిదాలు ఉండకూడదు. వసూలు చేసేవాళ్లు ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 6 గంటల తర్వాత ఫోన్లు చేయకూడదు. తిట్టకూడదు. బెదిరించకూడదు. అప్పు గడువు కంటే ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఈ సంగతులు తెలిసిన ఆడవాళ్లను బెదిరించడం కష్టం.

ఫోనులో అప్పు: ఐదు నిమిషాల్లో డబ్బు ఇస్తామని ఫోనులో ప్రకటనలు వస్తాయి. కొన్ని యాప్‌లు మన ఫోనులో ఉన్న ఫోటోలు, చుట్టాల నంబర్లు తీసుకుంటాయి. తర్వాత వాటితో బెదిరిస్తాయి. ముక్కూ మొహం తెలియని యాప్ దగ్గర అప్పు తీసుకోవద్దు. మోసపోతే భయపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. పోలీసులకు చెప్పండి.

అప్పు తీరాక

మంగమ్మ ఇంట్లో అప్పులన్నీ తీరాయి. ఇప్పుడు నెలకు ఎంత మిగులుతుంది? మొదట మిగిల్చిన 1,500. చేతి అప్పు వడ్డీ 500. నోటు వడ్డీ 600. సంఘానికి కట్టే 1,100. మొత్తం 3,700.

ఈ డబ్బు మళ్లీ ఖర్చుల్లో కలిసిపోతే రేపు ఆపద వచ్చినప్పుడు మళ్లీ అప్పే. అందుకే మంగమ్మ పోస్టాఫీసులో నెలనెలా కట్టే రికరింగు డిపాజిట్ తెరిచింది. తన పేరు మీదే తెరిచింది. కొంత డబ్బు ఆస్పత్రి ఖర్చుకని విడిగా బ్యాంకులో ఉంచింది. భర్తకు ఒక కొత్త చొక్కా, తనకు ఒక చీర కొంది. అది కూడా పుస్తకంలో రాసింది.

గుర్తుంచుకోండి

1. వచ్చిందీ పోయిందీ రోజూ రాయండి.
2. అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయండి. అసలు, వడ్డీ వేరువేరుగా రాయండి.
3. కొత్త అప్పు ఆపండి.
4. ఎక్కువ వడ్డీ అప్పును ముందు తీర్చండి.
5. తగ్గిన వడ్డీని కూడా అసలుకే కట్టండి.
6. కట్టిన ప్రతిసారీ రాయించుకోండి.
7. తిండి, చదువు, మందులు తగ్గించవద్దు.

కొత్త మాటలు

అసలు – అప్పుగా తెచ్చిన డబ్బు.
చెల్లు – ఎంత కట్టామో నోటు వెనక రాసే రాత.
చక్రవడ్డీ – వడ్డీ మీద పడే వడ్డీ.
వాయిదా – గడువు ప్రకారం కట్టే డబ్బు.

మీరు చేయండి

1. 8,000 రూపాయలు ఐదు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీ ఎంత? ఏడాదికి ఎంత?

2. ఒకామెకు రెండు అప్పులు ఉన్నాయి. ఒకటి 15,000, రెండు రూపాయల వడ్డీ. ఇంకొకటి 4,000, ఐదు రూపాయల వడ్డీ. ఏది ముందు తీర్చాలి? ఎందుకు?

3. ఈ రోజు మీ ఇంట్లో అయిన ఖర్చులన్నీ రాయండి. పది రూపాయల ఖర్చు కూడా వదలవద్దు.

4. మీ అప్పుల కాగితం తయారు చేయండి. ఎవరికీ చూపించాలని లేకపోతే మీ దగ్గరే దాచుకోండి. కానీ రాయండి.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో అప్పు ఎక్కడెక్కడ దొరుకుతుంది? ఎక్కడ ఎంత వడ్డీ? బోర్డు మీద రాసి, అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మీ సంఘంలో ఎవరైనా పది రూపాయల వడ్డీ కడుతున్నారా? ఆ అప్పును సంఘం డబ్బుతో తీర్చి, రూపాయి వడ్డీకి మార్చగలమా? వచ్చే సమావేశంలో తేల్చండి.